ఎముకల పొడి, జామపండ్ల జిగురు

మొన్న యాప్రాల్‌లో మా మనవరాలి ఫ్లాట్‌కు వెళ్ళాను. ఆ పిల్ల వంటింట్లో ఏదో ప్రయోగం చేస్తోంది. స్టవ్ మీద ఎర్రగా ఏదో కుతకుతలాడుతోంది. గట్టు మీద చిన్న చిన్న గుంటలున్న రబ్బరు అచ్చులు. గోడకు ఆనించిన ఫోన్‌లో ఎవరో అమ్మాయి ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతోంది.

"కరెక్ట్ టైమ్‌కి వచ్చావ్ అమ్మమ్మా. ఫ్రూట్ క్యాండీలు చేస్తున్నా. ప్యూర్ వీగన్. జెలటిన్ లేదు," అంది.

"ఎముకల పొడి లేదంటావ్," అన్నాను.

గరిటె పట్టుకున్నది పట్టుకున్నట్టే వెనక్కి తిరిగి చూసింది. నాకు వాట్సాప్‌లో పూల బొమ్మలు పంపడం తప్ప ఇంకేమీ తెలియదని దాని గట్టి నమ్మకం. "నీకెలా తెలుసు?" అంది.

"తొమ్మిదేళ్ళప్పుడు ఒక డబ్బా మీద చదివాను," అని మాత్రం చెప్పి కుర్చీలో కూర్చున్నాను. మిగతాది చెప్పలేదు. చెప్పాలంటే నేను ఆడిన ఒక అబద్ధం సంగతి చెప్పాలి. మనవరాళ్ళ ముందు మన పరువు మనమే తీసుకోవడం అంత తేలికేం కాదు.

అప్పుడు మేం రెజిమెంటల్ బజార్‌లో ఉండేవాళ్ళం. ఒకే వాకిలి చుట్టూ మూడు వాటాలు. మధ్యలో ఒక నల్లా, ఒక నిమ్మచెట్టు, బట్టలారేసే తాడు. ఒక వాటాలో మేము. మేమంటే మా బాపు, బాపు వాళ్ళమ్మ, నేను. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నాయనమ్మను మా ఇళ్ళల్లో బాపమ్మ అంటారు. నన్ను పెంచింది ఆమే. బాపు రైల్వే ఆఫీసులో గుమాస్తా. రెండో వాటాలో టీచరమ్మ ఉండేది. గుంటూరు వైపు నుంచి వచ్చి మిషన్ బడిలో పాఠాలు చెప్పేది. పెళ్ళి చేసుకోలేదు. తెల్ల చీర, చేతికి గడియారం, ఆదివారం పొద్దున చర్చికి పోయేటప్పుడు చంకలో నల్ల అట్ట బైబిలు. మూడో వాటా వాళ్ళు రజాకార్ల భయానికి తాళం వేసి బెజవాడ వెళ్ళిపోయారు.

బాపమ్మ మడి సంగతి చెప్పాలి. ఆమె పగలు ఒక్కపూట వండుకుని తినేది. రాత్రికి పండు గానీ పాలు గానీ. పండు విషయంలో ఆమెకొక నియమం ఉండేది. నిప్పు తగలని పండు ఎవరి చేతి నుంచైనా తీసుకోవచ్చు, దానికి అంటు లేదు. పొయ్యి ఎక్కిందా, ఇక అది చేసినవాళ్ళ ఇంటిదే. అందుకే బోయిన్‌పల్లి తోటల నుంచి తోపుడుబండి మీద పండ్లు తెచ్చే చాచా దగ్గర ఆమె రోజూ పండ్లు తీసుకునేది, బేరమాడేది, ఆయన మోకాళ్ళ నొప్పులకు మందు చెప్పేది. ఆయన ఇంట్లో నీళ్ళు మాత్రం ఈ జన్మలో తాగదు.

నన్ను బడికి పంపలేదు. బాపు అడిగితే, "ఆడపిల్లకు బడేందిరా, గీ జమానల?" అనేది. చివరికి ఒక రాజీ కుదిరింది. సాయంత్రం దీపాలు పెట్టే వేళ దాకా టీచరమ్మ అరుగు మీద కూర్చుని చదువుకోవచ్చు. గడప దాటకూడదు, ఏమీ తినకూడదు. నేను గడప దాటలేదు. తినకూడదన్నది మాత్రం మొదటి వారంలోనే తప్పాను. టీచరమ్మ వేయించిన జీడిపప్పు పెడితే కాదనే నిగ్రహం నాకు ఇప్పటికీ లేదు.

ఆ అరుగు మీదే నాకు తెలుగు అక్షరాలు వచ్చాయి. తర్వాత ఇంగ్లీషు. చదవడం వచ్చిన కొత్తలో పిల్లలకు ఒక పిచ్చి పడుతుంది. పొట్లాల కాగితాలు, అగ్గిపెట్టెలు, రైలు టికెట్లు, కనిపించినదల్లా చదివేదాన్ని. వంటకు కూర్చున్న బాపమ్మకు చింతపండు పొట్లం కాగితం మీది వార్త సగం చదివి వినిపిస్తే, మిగతా సగం ఏమైందని ఆమె నన్ను తిట్టేది.

ఆ ఏడు క్రిస్మస్ ముందు టీచరమ్మ కమలాపండ్ల రసంతో బిళ్ళలు చేసింది. బడిలో దొరసాని దగ్గర నేర్చుకుందట. రసం వేడి చేసి, ఒక రేకు డబ్బాలోంచి తెల్లని పొడి చెంచాతో కొలిచి కలిపి, పింగాణీ పళ్ళెంలో పోసి, చల్లని గదిలో పెట్టింది. తెల్లారేసరికి గడ్డ కట్టింది. వేలితో తాకితే వణుకుతూ ఉంది. నలుపలకలుగా కోసి చక్కెరలో దొర్లించింది. నేను డబ్బా మీది అక్షరాలు కూడబలుక్కుని చదివి, "జెలటిన్ అంటే ఏంది టీచరమ్మా?" అని అడిగాను.

"పశువుల ఎముకల్లోంచీ తోళ్ళలోంచీ తీసిన జిగురు పాపా," అంది. ఆమె ఏదీ దాచే మనిషి కాదు. "నువ్వు తింటావో లేదో నీ ఇష్టం. మామ్మగారికి మాత్రం పెట్టకు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు."

నేను తిన్నాను. అది వేరే సంగతి.

ఆమె నా కోసం పెట్టిచ్చిన పళ్ళెం పట్టుకుని ఇంటికొచ్చేసరికి బాపమ్మ బాపుతో అంటోంది. "అక్షరాలొచ్చినయ్ గద, ఇగ చాలు. రేపటి సంది బంద్ చెయ్. ఆమె మంచిదే గావచ్చు, గని మన పద్ధతి తెల్వది." బాపు ఎప్పటిలాగే పేపరు వెనక నుంచి బయటికి రాలేదు. ఆ అరుగు పోతే నాకు మిగిలేది ఈ వంటిల్లు, ఆ నల్లా. నా చేతిలో పళ్ళెం ఉంది. బాపమ్మ దాన్ని చూసింది.

"ఏందే అది, అద్దం లెక్క మెరుస్తున్నది?"

"టీచరమ్మ ఇచ్చింది. కమలాపండ్ల రసం, చక్కెర. గంతే."

"పొయ్యి మీద పెట్టిందా?"

"లే."

"గంతేనా?"

"గంతే బాపమ్మా."

ఆమె ఒకటి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, నోట్లో వేసుకుంది. నమలకుండా కాసేపు అలాగే ఉంది. ఆమె ముఖం మెత్తబడడం నేను కళ్ళారా చూశాను. ఇంకొకటి తీసుకుంది. ఆ రాత్రి పండు బదులు ఆ బిళ్ళలే తిన్నది. మర్నాడూ అవే. చదువు బందు మాట మళ్ళీ ఎత్తలేదు. నేను గెలిచాననుకున్నాను.

మూడో రోజు పొద్దున నల్లా దగ్గర టీచరమ్మ కనబడితే బాపమ్మే తనంతట తాను పలకరించింది. ఆమె మంచి వంటమనిషి. ఏదైనా బాగుంటే ఎలా చేశారో తెలుసుకోకుండా నిద్రపట్టదు.

"నీ బిళ్ళలు మస్తుగున్నయ్ టీచరమ్మా. ఉత్త రసం గట్ల గడ్డ కట్టదు గద, ఏమేసినవ్?"

టీచరమ్మ బిందె కింద పెట్టింది. "మామ్మగారూ, మీరు తిన్నారా?" అంది. ముఖం తెల్లబోయింది. "అందులో జెలటిన్ ఉందండీ. ఎముకల్లోంచి తీసింది. మీకు పెట్టొద్దని పాపతో చెప్పి పంపానండీ."

బాపమ్మ నా వైపు తిరిగింది. "చెప్పిందా?"

అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. బాపమ్మ కళ్ళు చూసి భయపడ్డాను.

"చెప్పలే," అన్నాను.

టీచరమ్మ నన్ను చూసింది. నేను తల దించుకున్నాను. ఆమెకు అంతా అర్థమైందని నాకూ అర్థమైంది. కాసేపటికి ఆమె గొంతు వినిపించింది. "చెప్పాననుకున్నానండీ. పండగ హడావుడిలో మర్చిపోయినట్టున్నాను. తప్పు నాదే. క్షమించండి."

బాపమ్మ ఇంట్లోకొచ్చి తలమీద నీళ్ళు పోసుకుంది. రెండు రోజులు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. మూలన గోడకానుకుని కళ్ళు మూసుకుని కూర్చున్న ఆమెను చూస్తూ నేను అన్నం తిన్నాను. ఆ అన్నం ఎలా దిగిందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది. చదువు బందయింది. ఒకే వాకిట్లో రెండు వాటాల మధ్య మాటలు కూడా బందయ్యాయి. టీచరమ్మ అరుగు మీద నా పలక గోడకు ఆనించి ఉండేది. ఆమె దాన్ని తీసేయలేదు. రోజూ ఊడ్చేటప్పుడు కాస్త ఎత్తి, కింద ఊడ్చి, మళ్ళీ అక్కడే పెట్టేది. నాకు కోపం వచ్చేది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేదనిపించేది.

అలా ఎండాకాలం పోయింది, వానలు వచ్చాయి. బయట పరిస్థితి నానాటికీ పాడవుతోంది. పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. మమ్మల్ని చూస్తే మాట మార్చేవాళ్ళు. ఒక సాయంత్రం చాచా బండి నిండా జామపండ్లతో మా వాకిట్లోకి వచ్చాడు.

"అమ్మా, హాలత్ మంచిగ లేదు. రోడ్డు మీద బండితోని పోవుడు కష్టం. రాత్రికి ఇక్కడ పెడ్త. పొద్దున వచ్చి తీస్కపోత," అన్నాడు.

"పెట్టు. నువ్వు మాత్రం జెల్ది ఇంటికి పో," అంది బాపమ్మ.

పొద్దున ఆయన రాలేదు. ఎవరూ రాలేదు. ఆకాశంలో విమానాలు వచ్చాయి. తర్వాత దానికి పోలీస్ యాక్షన్ అని పేరు పెట్టారు. మాకప్పుడు పేరు తెలియదు. తలుపులు వేసుకోవాలని మాత్రం తెలుసు. బాపు డ్యూటీకని వెళ్ళి స్టేషన్లోనే ఉండిపోయాడు. వాకిట్లో మిగిలింది మేం ముగ్గురం ఆడవాళ్ళం, ఒక బండెడు జామపండ్లు.

పండ్లకు పోలీస్ యాక్షన్ తెలియదు గదా. అవి వాటి మానాన పండుతూ పోయాయి. రెండో రోజుకు వాసన ఇంట్లోకి వచ్చింది. మూడో రోజుకు దుప్పట్లో, నీళ్ళల్లో, నా జుట్టులో కూడా జామపండు వాసనే. దూరంగా ఏదో చప్పుడైనప్పుడల్లా బాపమ్మ నన్ను దగ్గరికి లాక్కునేది. ఆమె చేతులకూ అదే వాసన. ఇప్పటికీ మాగిన జామపండు ముక్కుకు తగిలితే నాకు ముందు భయం వేస్తుంది, తర్వాతే నోరూరుతుంది.

"కుళ్ళిపోతున్నయ్ బాపమ్మా," అన్నాను. ఒకటి కొరుక్కుందామని నా ఆలోచన.

"ముట్టకు. అవి మనయి గావు," అంది. బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది. "గరీబోని మాల్ మన వాకిట్ల కుళ్ళితె మనకు మంచిగుంటదా? ఏదన్న చేసి నిలవపెట్టాలె. వానికియ్యాలె."

మామిడి తాండ్ర చేసే పద్ధతిలో ఎండబెడదామంటే ఎండ లేదు, వాన ముసురు. ఉడికించి బిళ్ళలు కట్టాలి. దానికి చక్కెర కావాలి. మా రేషన్ చక్కెర డబ్బా అడుగున గుప్పెడు ఉందేమో. బాపమ్మ డబ్బాలోకి చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు చూడకుండా, "టీచరమ్మ తాన చక్కెరున్నదేమో అడిగి రాపో," అంది.

తొమ్మిది నెలల తర్వాత నేను ఆ అరుగెక్కాను. పలక అక్కడే ఉంది. టీచరమ్మ తలుపు సందులోంచి నా మాట విని లోపలికి వెళ్ళి, క్రిస్మస్ కేకు కోసం నెలనెలా మిగిల్చి దాచిన చక్కెర మొత్తం ఒక డబ్బాలో తెచ్చింది. నాతో పంపకుండా తనే వచ్చి మా వంటింటి గడప బయట నిలబడింది.

"ఆ పొడి ఏమన్న తెచ్చినవా?" అంది బాపమ్మ తల ఎత్తకుండా.

"లేదండీ. చక్కెర ఒక్కటే. కానీ పొడి లేకుండా గడ్డ కడుతుందాండీ?"

"కడ్తది. దోరపండ్లల్ల, గింజలల్ల జిగురుంటది. దేవుడు ఆ పండులనే పెట్టిండు."

పొద్దంతా పని. మెత్తబడ్డవి మాత్రమే వేస్తే గట్టిపడదని, బండి అడుగు నుంచి గట్టి దోరకాయలు ఏరించింది. ముక్కలు ఉడికించి పలుచని గుడ్డలో వేసి రుద్దితే గుజ్జు కిందికి దిగింది. గింజలు పారేయబోతే నా చేతి మీద ఒక్కటేసింది. వాటిని నీళ్ళల్లో నానబెట్టి పిసికితే గంజిలాంటి జిగురు వచ్చింది. దాన్ని వడగట్టి గుజ్జులో కలిపింది. మా వాకిట్లో నిమ్మకాయలు రెండు పిండింది. కళాయి పూసిన పెద్ద ఇత్తడి గిన్నె బొగ్గుల కుంపటి మీద పెట్టి తిప్పడం మొదలుపెట్టింది. టీచరమ్మ గడప బయట పీట వేసుకుని కూర్చుంది. చక్కెర పోయాల్సి వచ్చినప్పుడు చెయ్యి చాపి, గిన్నెకు తగలకుండా పైనుంచి పోసింది. చెరొక వైపు అలా కూర్చుని ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

గుజ్జు చిక్కబడింది. బుడగలు పగిలి వేడి చుక్కలు బాపమ్మ మోచేతి మీద పడుతున్నాయి. ఆమె చెయ్యి మార్చింది గానీ గరిటె ఆపలేదు. ఆ దశలో ఆపితే క్షణంలో అడుగంటుతుంది. ఒక మాడు ముక్క చాలు, గిన్నె మొత్తం కంపు కొడుతుంది. మధ్యలో ఉన్నట్టుండి అంది. "ఒక్క మాట అడుగుత టీచరమ్మా. మర్చిపోయిన అంటివి. అంత చదువుకున్నదానివి, గది మర్చిపోయే ముచ్చటనా?"

టీచరమ్మ ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని నిమ్మచెట్టు వైపు చూస్తూ కూర్చుంది.

నాకు ఏడుపొచ్చింది. బయట ఏం జరుగుతోందో తెలియదు, రేపు ఏమవుతామో తెలియదు, ఆమె కేకు చక్కెర అంతా మా గిన్నెలో ఉంది. ఇంకొక సంగతీ నాకు తెలుసు. దాచను. బాపమ్మకు ఇప్పుడు గరిటె వదిలే వీలు లేదు. లేచి నన్ను కొట్టే వీలూ లేదు. ఎప్పటికైనా చెప్పాలంటే ఇదే సమయం.

"టీచరమ్మ చెప్పింది," అన్నాను. "నీకు పెట్టొద్దన్నది. డబ్బ మీద సుత చదివిన. చదువు బంద్ చేస్తవని నేనే అబద్ధం చెప్పిన."

గరిటె ఆగలేదు. గిన్నెలో గుజ్జు బుడబుడమంటోంది. బాపమ్మ నా వైపు తిరగలేదు, టీచరమ్మ వైపూ తిరగలేదు. తిప్పుతూనే ఉంది. ఆమె వీపు తప్ప నాకేమీ కనబడలేదు. అప్పుడు మామూలు గొంతుతో అంది.

"టీచరమ్మా, చెయ్యి గుంజుతున్నది. జెర లోపటికొచ్చి గరిటె పట్టు."

టీచరమ్మ లేచింది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. "మీ వంటింట్లోకాండీ?" అంది.

"మరి గిన్నె బయటికి తేవాల్నా? జెల్ది రా, అంటుకుంటది."

ఆమె లోపలికొచ్చి గరిటె అందుకుంది. ఇద్దరి చేతులూ కాసేపు ఒకే గరిటె మీద ఉన్నాయి. బాపమ్మ పక్కకు జరిగి మోచేతికి చల్లనీళ్ళు పోసుకుంది. నన్ను కొడుతుందని కళ్ళు మూసుకున్నాను. కొట్టలేదు. "పండ్లోడొచ్చిందాక నీకు ఒక్క బిళ్ళ సుత లేదు," అంది. కొట్టినా అంత ఏడ్చేదాన్ని కాదు.

చుక్క తీసి నీళ్ళల్లో వేస్తే ఉండ కట్టింది. నూనె రాసిన పళ్ళేల్లో పోసి పరిచారు. మర్నాటికి ముదురు ఎరుపు తేలి గట్టిపడింది. కమలా బిళ్ళలు వణికినట్టు ఇవి వణకలేదు. కత్తి పెడితే సాఫీగా తెగాయి. ఆ రోజే ఎవరో వీధిలో అరుస్తూ పరిగెత్తారు, అంతా అయిపోయిందని. తలుపులు తెరుచుకున్నాయి. బాపు గడ్డం మాసి, కళ్ళు ఎర్రబడి ఇంటికొచ్చాడు. జనం భారత సైన్యానికి వేయడానికి దండలు పట్టుకుని రోడ్ల మీదికి పోయారు.

చాచా రాలేదు. వారం దాటాక ఒక మధ్యాహ్నం వచ్చాడు. రోజూ వీధి మొదట్లోనే "జామ్, జామ్" అని గొంతెత్తే మనిషి, గోడ పక్కన నడిచి, చప్పుడు చేయకుండా వాకిట్లో నిలబడ్డాడు. ఇప్పుడు భయం ఆయన లాంటి ముస్లింల వంతు. అది అప్పుడు నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఆయన బుగ్గలు లోపలికి పోవడం మాత్రం చూశాను. ఖాళీ బండి చూసి, తీసుకుపోదామని పిడి పట్టుకున్నాడు.

బాపమ్మ రెండు రేకు డబ్బాలు తెచ్చి బండి మీద పెట్టింది. "నీ పండ్లే. కుళ్ళనియ్యలే. చక్కెర టీచరమ్మది," అంది. "గిట్ల చాటుకు నడుస్తవేందయ్యా? పొద్దున ఎప్పటి లెక్క ఒర్లుకుంట రా. నువ్వు ఒర్లకపోతె నాకు తెల్లారినట్లుంటలేదు."

ఆయన మూత తీసి ఒక బిళ్ళ కొరికాడు. నమలలేక అలాగే నిలబడ్డాడు. తర్వాత ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. నేను బాపమ్మను చూశాను. తిను అన్నట్టు తల ఊపింది. నిమ్మ పులుపు, జామ వాసన, పళ్ళకు కాస్త అంటుకునే తీపి. అంతటి రుచి నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. పదిరోజులు ఎదురుచూసిన నోరు కాబట్టి అలా అనిపించిందేమో.

చదువు మళ్ళీ మొదలైంది. నేను టీచరమ్మకు క్షమాపణ చెప్పలేదు, ఆమె అడగలేదు. మొదటి రోజు పలక ఇచ్చి, "నిన్న ఎక్కడ ఆపాం పాపా?" అంది.

ఆ క్రిస్మస్‌కు ఆమె జామబిళ్ళలే చేసింది. పళ్ళెం నాకిచ్చి పంపింది. నేను ఇంట్లోకి రాగానే బాపమ్మ పని ఆపి చూసింది. వాకిట్లోనే ఉన్న టీచరమ్మను అడగొచ్చు. నాలుగడుగుల దూరం. అడగలేదు. నన్ను దగ్గరికి పిలిచింది.

"ఏమేసింది దీంట్ల? నువ్వు చెప్పు."

"జామపండు, చక్కెర, నిమ్మకాయ."

"పొయ్యి మీద పెట్టిందా?"

"పెట్టింది."

"ఇంకేమన్న?"

"ఇంకేం లేదు బాపమ్మా."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఎంతసేపు చూసిందంటే నిజమే చెప్పినా నాకు చెమటలు పట్టాయి. తర్వాత పళ్ళెంలోంచి ఒకటి తీసుకుని నోట్లో వేసుకుంది. పక్కింటి పొయ్యి మీద, ఇంకొకరి చేత్తో వండినది, నా నోటి మాట తప్ప ఏ ఆధారమూ లేకుండా తిన్నది. ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్ళూ బయటి నుంచి ఏది వచ్చినా నన్నే పిలిచి అడిగేది, నేను చెప్పింది నమ్మేది. నేను మళ్ళీ ఎప్పుడూ ఆమెకు అబద్ధం చెప్పలేకపోయాను.

మనవరాలు అచ్చులోంచి ఒక ఎర్ర బిళ్ళ ఊడదీసి నా ముందు పెట్టింది. "స్ట్రాబెర్రీ, షుగర్, అగర్, అంటే సముద్రపు నాచు జిగురు. అంతే అమ్మమ్మా," అంది. నేను దాని ముఖంలోకి కాసేపు చూశాను.

"ఏంటలా చూస్తున్నావ్? నిజంగానే అంతే!" అంది నవ్వుతూ.

"తెలుసులే," అని నోట్లో వేసుకున్నాను.